కవిలెకట్టా, కంప్యూటరూ

మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో 2024 జూలై 21 రాత్రి నిప్పంటుకున్నది. ఆదివారం, కచేరీ మూసి ఉన్న రోజు. తెల్లవారేసరికి భూముల దస్త్రాలు బూడిద కుప్పలయ్యాయి. మరునాడే రాష్ట్ర పోలీసు డైరెక్టరు జనరల్ వచ్చి చూసి, ఇది ప్రమాదవశాత్తూ జరిగినట్టు కనిపించడం లేదని పత్రికలవాళ్ళతో అన్నాడు. ఆ తరవాత దర్యాప్తు సి.ఐ.డి. చేతికి పోయింది. నేరం ఎవరిదో తేల్చవలసింది కోర్టులు, ఆ పని నేను నెత్తిన వేసుకోను. నేను చెప్పదలచింది నిప్పు ఆరిన తరవాతి సంగతి. రెవెన్యూ శాఖ పెద్ద అధికారి అర్జీలు తీసుకుంటాడని తెలిసి చుట్టుపట్ల పల్లెల జనం మదనపల్లెకు వచ్చారు. ప్లాస్టిక్ సంచుల్లో పట్టా నకలు, శిస్తు రసీదు, ఎప్పుడో పెట్టుకున్న అర్జీ జిరాక్సు, ఏది ఉంటే అది పట్టుకుని వచ్చారు. తమ భూమిని గురించి ఆ కచేరీలో ఏమి రాసి ఉన్నదో వాళ్ళలో చాలామంది ఒక్కసారి కూడా చూసి ఉండరు. చూడని కాగితం కాలిపోయిందని విని పరుగెత్తుకు వచ్చారు.

కాలిన కాగితాల కన్నా ఈ చూడకపోవడమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో పదకొండో ఆర్డరు ఒకటున్నది. దావాలో ఒక పక్షం రెండో పక్షం దగ్గర ఏయే దస్తావేజులున్నాయో కోర్టు ద్వారా ప్రమాణపూర్వకంగా చెప్పించవచ్చు, వాటిని చూపించమని అడగవచ్చు. చెప్పవలసినవాడు తన దగ్గర ఇప్పుడున్నవే కాదు, ఒకప్పుడుండి ఇప్పుడు లేనివి కూడా చెప్పాలి. అవి చివరిసారి తన చేతిలో ఎప్పుడున్నాయి, తరవాత ఏమయ్యాయి అన్నది కూడా రాయాలి. ఆజ్ఞను పాటించకపోతే వాది దావా పోతుంది, ప్రతివాది జవాబు చెల్లకుండా పోతుంది. వకీళ్ళు దీన్ని డిస్కవరీ అంటారు. దీనికి తెలుగు మాట కోసం వెతికాను. దాఖలు అన్న మాట ఉన్నది, కాని అది మన కాగితం మనం కోర్టులో పెట్టుకోవడం. ఎదుటివాడి పెట్టె మూత తీయించే హక్కుకు మాత్రం మాట దొరకలేదు. ఇది భాష లోపం కాదు. హక్కు లేనిచోట మాట ఎందుకు పుడుతుంది?

ఒక తెలుగు పంతులుకు ఈ వకీలు వ్యవహారమంతా ఎందుకని పాఠకులకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. నేను పని చేసే కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటికీ బస్సు దూరంలో ఉన్నదని అనుకుంటే చాలు. అక్కడ కొన్నేళ్ళు తాత్కాలికంగా పాఠాలు చెప్పిన ఒకావిడ, తనకు జీతం బాకీ ఉన్నదని దావా వేసింది. ఆ కాలంలో ఆవిడ మా దగ్గర పని చేయనే లేదని యాజమాన్యం జవాబు. ఆవిడ వకీలు డిస్కవరీ పిటిషను వేశాడు. వేలిముద్ర హాజరు యంత్రంలోని వివరాలు, ఇ-మెయిలులో పంపిన టైంటేబుళ్ళు, పరీక్షల డ్యూటీ జాబితాలు, వాట్సాప్‌లో ఇచ్చిన ఆదేశాలు కావాలన్నాడు. వీటిని వెతికి పట్టిక తయారు చేయడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. అందులో నేనొకణ్ణి. "మీరు తాటాకులు చదివినోళ్ళు కదా, ఇదొక లెక్కా?" అన్నారు. ఆ మాట ఎగతాళే. అయినా అందులో ఒక నిజం ఉన్నది. ఈ కంప్యూటరు కథ తాటాకు దగ్గరే మొదలయింది.

కరణం దగ్గర ఉండే లెక్కల కట్టను మన పెద్దలు కవిలె అన్నారు. ఊరి పొలిమేర ఎక్కడ, మాన్యం ఎవరిది, చెరువు కింద మడి ఎవడిది, శిస్తు ఎంత, ఇవన్నీ అందులో ఉండేవి. కవిలె ఊరిది, కాని కట్ట విప్పే చెయ్యి కరణానిది. పద్దెనిమిదో శతాబ్దం ముగిసి కంపెనీ ప్రభుత్వం రాయలసీమను చేజిక్కించుకున్నప్పుడు మొదట దానికి కావలసి వచ్చింది ఈ కట్టే. కర్నల్ మెకంజీ, అతని కింద పని చేసిన కావలి సోదరులు ఊరూరా సేకరించిన కైఫీయతులను మనం ఈనాడు స్థానిక చరిత్రలుగా చదువుకుంటున్నాం, ఎం.ఏ. విద్యార్థులకు పాఠం చెబుతున్నాం. కాని ఒక్కసారి కరణం వైపు నుంచి చూడండి. కొత్త దొరల మనిషి వచ్చి నీ ఊరి దేవుడి మాన్యం ఎవరిచ్చారు, శాసనం ఏది, కవిలె ఏది అని అడుగుతున్నాడు. ఇది చరిత్ర మీద మక్కువో, మాన్యం మీద కన్నో అతనికెట్లా తెలుస్తుంది? గలాటాల్లో కవిలెలు పోయాయని చెప్పిన సందర్భాల్లో నిజంగా పోయినవెన్ని, పోయాయని చెప్పినవెన్ని? ఆ అనుమానం ఉత్తది కాదని తరవాతి చరిత్ర చెప్పింది. 1858లో ఇనాం కమిషన్ మొదలయి ఊరూరా మాన్యదారులను నీ హక్కుకు కాగితమేదని నిలదీసింది. అడిగేవాడు రాజ్యమైనప్పుడు డిస్కవరీ అంటే ఇదీ.

కంపెనీవాళ్ళు 1802లో జమీందారీ రెగ్యులేషనుతో పాటు కరణాలను గురించి వేరే ఒక రెగ్యులేషను చేశారు, ఇరవైతొమ్మిదోది. లెక్కలు సక్రమంగా రాయడం, అడిగినప్పుడు అధికారులకు, కోర్టులకు చూపించడం కరణం విధి అన్నారు. జమీందారు దౌర్జన్యం నుంచి రైతును లెక్కలే కాపాడతాయన్నది దొరల సిద్ధాంతం. సిద్ధాంతం బాగానే ఉన్నది. లెక్కలు రాసేవాడు ఎవరి తిండి తింటాడన్న ప్రశ్న మాత్రం అందులో లేదు.

పుంగనూరు, కంగుంది జమీందారీలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. కుప్పం కంగుంది జమీందారీ కిందిది. మదనపల్లె కడప జిల్లా నుంచి వచ్చి కలిసింది. పుంగనూరు అంటే ఈనాడు అందరికీ గుర్తొచ్చేది పొట్టి ఆవు. నాకు మాత్రం ఠాణా గుర్తొస్తుంది. జమీందారు ఠాణాలో ఉండే లెక్కలకూ, రైతు చేతిలో ఉండే పట్టా ముక్కకూ మధ్య వందేళ్ళు నడిచిన తగవు గుర్తొస్తుంది. 1908 నాటి ఎస్టేట్స్ లాండ్ చట్టం పట్టా, ముచ్చిలిక మార్చుకోవాలని, కట్టిన శిస్తుకు రసీదు ఇవ్వాలని చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడూ ఆ సంవత్సరానిదే. ఒకే ఏడాది, ఒకే రాజ్యం. రైతుకు రసీదు అడిగే హక్కును ఒక చట్టం ఇస్తే, జమీందారు లెక్కలు కోర్టులో చూపించమనే హక్కును రెండోది ఇచ్చింది. రెండో హక్కును వాడుకోవాలంటే వకీలు కావాలి, ఫీజు కావాలి, మదనపల్లెకో చిత్తూరుకో పదిసార్లు తిరిగే తీరిక కావాలి. కాబట్టి అది జమీందారుకూ జమీందారుకూ, షావుకారుకూ షావుకారుకూ మధ్య తగవుల్లో ఎక్కువగా పనికివచ్చే హక్కయింది.

1948 ఎస్టేట్ల రద్దు చట్టం చదివినప్పుడు నాకు ఒక చోట సంతోషం కలిగింది. ఎస్టేటును స్వాధీనం చేసుకునే సెక్షనులోనే ప్రభుత్వం భూమితో పాటు దాని లెక్కలు, రిజిస్టర్లు, పట్టాలు, ముచ్చిలికలు, పటాలు అన్నిటినీ అడ్డంకులు తొలగించి మరీ తీసుకోవచ్చునని రాశారు. ఆ చట్టం రాసినవాళ్ళకు విషయం తెలుసు. కాగితం జమీందారు పెట్టెలో ఉండనిచ్చి భూమి తీసుకుంటే, తీసుకున్నట్టు కాదు. అయితే కాగితం జమీందారు పెట్టెలోంచి వెళ్ళింది రైతు చేతికి కాదు, తాలూకా కచేరీకి. 1984లో కరణాల వ్యవస్థను రద్దు చేసినప్పుడూ ఇంతే. వంశపారంపర్యం పోయింది, అది పోవలసిందే. కట్ట మళ్ళీ కచేరీ బీరువాలోకే పోయింది. 2024లో కాలింది అటువంటి బీరువాల వంశంలోదే. 1977 చట్టం పేదలకిచ్చిన అసైన్డు భూములు చేతులు మారకూడదన్నది. రిజిస్ట్రేషను చట్టం ఇరవైరెండు-ఏ సెక్షను కింద అమ్మకూడని భూముల జాబితా ఒకటున్నది. 2023లో చట్టం సవరించి ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డు భూములను అమ్ముకోవచ్చన్నారు. ఏ సర్వే నంబరు ఏ జాబితాలో ఉన్నదన్నదే లక్షలు పలికే ఊళ్ళో, ఆ జాబితా వెనకనున్న ఫైలు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

ఇక కాలేజీల సంగతి. మదనపల్లెకు ఈ విషయంలో ఒక విచిత్రమైన చరిత్ర ఉన్నది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో పని చేసిన మనిషి. ఆయన 1910 మార్చి 6న తన ఇద్దరు కొడుకుల సంరక్షణను అనీబిసెంటుకు అప్పగిస్తూ ఒక ఉత్తరం రాసి ఇచ్చాడు. రెండేళ్ళకు మనసు మారి, కొడుకులను తిరిగి ఇప్పించమని దావా వేశాడు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన తీర్పు చెప్పింది, 1914లో ప్రీవీ కౌన్సిలు దాన్ని తలకిందులు చేసింది. తండ్రి ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోవచ్చునని న్యాయం ఒప్పుకున్నది. కాని పిల్లలు అప్పటికి ఇంగ్లండులో ఉన్నారు, వాళ్ళ ఇష్టం ఎవరూ కనుక్కోలేదు, అక్కడి కోర్టుకే పోవలసింది అన్నది. జీవితమంతా సర్కారు కాగితాలతో గడిపిన మనిషికి, కాగితం నెగ్గినా కేసు నెగ్గకపోవచ్చునన్న పాఠం సముద్రం అవతలి నుంచి వచ్చింది.

ఆ మరుసటి ఏడు 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కాలేజీ పుట్టింది, బిసెంటు పేరనే. 1917లో మద్రాసు ప్రభుత్వం విద్యార్థులు రాజకీయ సభలకు పోరాదన్నది, బిసెంటును నిర్బంధించింది. ఆ ఉద్యమ కాలంలోనే కాలేజీకి మద్రాసు యూనివర్సిటీ గుర్తింపు పోయింది. బిసెంటు అనుచరులు పెట్టిన జాతీయ విశ్వవిద్యాలయంలో కాలేజీ చేరింది, దాని కులపతి రవీంద్రనాథ్ టాగూరు. 1919 ఫిబ్రవరి చివర ఆయన ఈ ఊరు వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చి తన చేతిరాతతో రాసి ఇచ్చిన సంగతి అందరికీ తెలుసు. కాలేజీ అవసరాలకు ఆ అసలు ప్రతిని అమ్మారని, అది అమెరికా చేరిందని ఊళ్ళో చెప్పుకుంటారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఐర్లండువాడు. 1916 డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు బిసెంటు పత్రికలో ఉద్యోగం పోయి మదనపల్లె చేరినవాడు. ఈ ఐర్లండు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. ఆ రోజుల్లో ప్రభుత్వం కాలేజీలను గురించి రాసుకున్న రహస్య రిపోర్టులు కాలేజీలవాళ్ళు చూడడానికి వీల్లేదు. కాలేజీ రిజిస్టర్లు మాత్రం ప్రభుత్వం ఎప్పుడంటే అప్పుడు చూడవచ్చు. చూపు ఒకవైపే నడిచేది.

ఆ చూపును రెండువైపులా నడిపించే ప్రయత్నం 2005 సమాచార హక్కు చట్టంతో మొదలయింది. పది రూపాయల ఫీజుతో, వకీలు లేకుండా, దావా లేకుండా, ఒక విద్యార్థి యూనివర్సిటీని కాగితం అడగవచ్చు. ముప్ఫై రోజుల్లో జవాబు చెప్పాలి, లేకపోతే అధికారికి రోజుకు రెండువందల యాభై చొప్పున జరిమానా. కలకత్తా యూనివర్సిటీ విద్యార్థి ఒకడు దిద్దిన తన పరీక్ష పేపరు చూపించమని పోరాడాడు. అటువంటి కేసులన్నీ కలిసి సుప్రీంకోర్టు దాకా పోయి, 2011 ఆగస్టులో విద్యార్థికి తన పేపరు చూసే హక్కున్నదని తీర్పు వచ్చింది. నూరేళ్ళ పాటు మన యూనివర్సిటీలు పేపరు దిద్దడాన్ని గర్భగుడిలో పూజలాగా నడిపాయి. ఆ తలుపు తెరిపించింది యూనివర్సిటీ సెనేటు కాదు, విద్యార్థి. మరోవైపు ఢిల్లీ యూనివర్సిటీలో 1978లో బి.ఏ. పాసైనవాళ్ళ రిజిస్టరు చూపించమని 2016లో కేంద్ర సమాచార కమిషన్ చెబితే, యూనివర్సిటీ హైకోర్టుకు పోయింది. 2025 ఆగస్టులో ఆ ఆదేశం కొట్టుడుపోయింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, వ్యక్తిగతం అన్న మినహాయింపును ఇంకా వెడల్పు చేసింది. చదువుకున్నవాడి రహస్యం కాపాడే శ్రద్ధ ఎవరి విషయంలో ఎక్కువ పని చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

కాగితం కంప్యూటరు ఎక్కడం మన జిల్లాలో కొత్త సంగతేమీ కాదు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1998లో రిజిస్ట్రేషను శాఖ దస్తావేజులను కంప్యూటరులో ఎక్కించడం మొదలుపెట్టింది. 2002లో అమెరికా కంపెనీ హ్యూలెట్ పాకార్డ్ కుప్పాన్ని ఎంచుకుని మూడేళ్ళ పథకం ఒకటి పెట్టింది, ఊళ్ళలో సమాచార కేంద్రాలు తెరిచింది. కంపెనీకి ప్రయోగశాల, ప్రభుత్వానికి ప్రదర్శనశాల. అది ఎవరికెంత మేలు చేసిందన్నది వేరే వ్యాసానికి తగిన విషయం. నాకు కావలసింది ఒక్కటే. మూడు రాష్ట్రాలు కలిసే ఆ మూలలో జనం మొదటిసారి తమ కాగితం తెరమీద కనిపించగలదని తెలుసుకున్నారు. కనిపించడమూ, సాక్ష్యంగా నిలబడడమూ వేరు వేరు సంగతులు.

ఎలక్ట్రానిక్ రికార్డు సాక్ష్యమవుతుందని మన చట్టం ఒప్పుకున్నది 2000లో. 1872 నాటి సాక్ష్య చట్టంలో అరవైఅయిదు-బి అనే సెక్షను చేర్చారు: కంప్యూటరు నుంచి తీసిన నకలుకు, ఆ యంత్రం బాధ్యత గలవాడు ఫలానా విధంగా ఇది తయారయిందని సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈ సర్టిఫికెట్ నిజంగా తప్పనిసరా, కాదా? దీని మీద కోర్టులు ఇరవై ఏళ్ళు కొట్టుమిట్టాడాయి. ఆ కథ ఒక కాలేజీ లెక్చరరు మెడకు ఉరితాడు బిగియడంతో మొదలయిందన్న సంగతి మన అధ్యాపకులకు తెలిసి ఉండాలి. ఎస్.ఏ.ఆర్. గిలానీ ఢిల్లీ యూనివర్సిటీ పరిధిలోని జాకిర్ హుసేన్ కాలేజీలో అరబ్బీ చెప్పేవాడు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద జరిగిన దాడి కేసులో ఆయనను పట్టుకున్నారు. ఆయన తమ్ముడితో కాశ్మీరీలో మాట్లాడిన ఫోను సంభాషణ ఒకటి, కాల్ రికార్డులు కొన్ని సాక్ష్యం. 2002లో ఉరిశిక్ష పడింది. ఆ సంభాషణను పోలీసుల పక్షం ఒక విధంగా తర్జుమా చేసింది, ప్రతివాద సాక్షులు మరొక విధంగా చెప్పారు. రెండు నిమిషాల పలకరింపులో ఒక మాటకు ఏ అర్థం పడుతుందన్నదాని మీద ఒక మనిషి ప్రాణం ఆడింది. భాష చెప్పేవాళ్ళం, ఇంతకన్నా గట్టి పాఠం ఏ వ్యాకరణంలో దొరుకుతుంది? 2003లో హైకోర్టు, 2005లో సుప్రీంకోర్టు ఆయన నిర్దోషి అన్నాయి. అయితే అదే 2005 తీర్పులో, సర్టిఫికెట్ లేకపోయినా కాల్ రికార్డుల ప్రింటు చెల్లుతుందన్నారు. 2014లో అన్వర్ కేసులో దాన్ని తిరగరాసి సర్టిఫికెట్ తప్పనిసరి అన్నారు. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో మరింత స్పష్టం చేశారు. మహారాష్ట్ర ఎన్నికల తగవు అది. నామినేషన్లు ఎన్నింటికి వేశారో చూపే వీడియోకు ఎంతమందిని అడిగినా అధికారులు సర్టిఫికెట్ ఇవ్వలేదు. అటువంటప్పుడు కోర్టుకు దరఖాస్తు పెట్టి తెప్పించుకోవచ్చునని, అసలు యంత్రాన్నే కోర్టులో పెడితే సర్టిఫికెట్ అక్కరలేదని కోర్టు అన్నది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇది అరవైమూడో సెక్షను. సర్టిఫికెట్ రెండు భాగాలు: ఒకటి యంత్రం బాధ్యుడు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. అందులో ఆ ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్రలాంటిది. ఫైలులో ఒక్క కామా మార్చినా ఆ అంకె పూర్తిగా మారిపోతుంది. కరణం కవిలెలో ఒక సున్న దిద్దితే పట్టుకోవడానికి ఇటువంటి సాధనం మన తాతలకు లేదు.

మా కమిటీ పని ఇక్కడికి వస్తే తెలిసింది. తాటాకు ఒక్కటే ఉంటుంది, కాలిందంటే కాలింది. ఇ-మెయిలు అట్లా కాదు. పంపినవాడి దగ్గర, అందుకున్నవాళ్ళ దగ్గర, సర్వరు అద్దెకిచ్చిన కంపెనీ గిడ్డంగిలో, ఒక్కొక్కప్పుడు ఎవరో ఇంటికి తీసుకుపోయిన పెన్‌డ్రైవులో ఉంటుంది. నోటీసు రాగానే మొదట చేయవలసిన పని వెతకడం కాదు, చెరపడం ఆపించడం. పాతవి తమంతట తామే పోయేట్టు పెట్టిన ఏర్పాటును నిలిపివేయాలి. తరవాత ఎవరెవరి దగ్గర ఏమున్నదో రాసుకోవాలి. తరవాత కేసుకు సంబంధం లేని విద్యార్థుల జబ్బు సెలవులు, కుల ధ్రువపత్రాలు, సొంత ఉత్తరాలు వేరు చేయాలి. ఇందులో ఒక్కటీ మా కమిటీ చేయలేదు. ఆఫీసుకు పోయి అడిగాం. "ఆ కంప్యూటరు పాత సామాన్లోడికి పొయ్యింది సార్, ఇంక యాడ ఉంటాది?" అన్నాడు గుమాస్తా. ఎప్పుడు పోయిందని అడగలేదు. ఎవరు రాసిచ్చారని అడగలేదు. 'లభ్యం కావు' అని టైపు చేసి ఉన్న కాగితం మీద ముగ్గురం సంతకాలు పెట్టాం. ఒకప్పుడుండి ఇప్పుడు లేనివాటిని గురించి చెప్పాలన్న నియమం అప్పటికి నేను చదవలేదు. చదివి ఉంటే పెట్టేవాణ్ణి కాదని గట్టిగా అనలేను.

అడిగే హక్కు అంతా మంచిదే అనుకోవడానికీ వీల్లేదు. ఐర్లండు సంగతి మళ్ళీ వస్తుందన్నాను. అమెరికాలోని బోస్టన్ కాలేజీ 2001 నుంచి కొన్నేళ్ళు, ఉత్తర ఐర్లండు పోరాటంలో రెండు పక్షాల మాజీ సాయుధుల జ్ఞాపకాలను టేపుల మీద ఎక్కించింది. చెప్పినవాళ్ళు బతికుండగా బయటపెట్టమని మాట ఇచ్చింది. 2011లో బ్రిటిషు పోలీసుల కోరికపై అమెరికా ప్రభుత్వం ఆ టేపులు ఇమ్మని సమను పంపింది. రెండేళ్ళు పోరాడి ఎనభైఅయిదు ముఖాముఖీలను పదకొండుకు తగ్గించగలిగారు కాని, ఇచ్చిన మాట నిలబడలేదు. 2014లో ఆ దర్యాప్తులోనే జెరీ ఆడమ్స్‌ను నాలుగు రోజులు నిర్బంధించి, ఏ నేరమూ మోపకుండా వదిలారు. కజిన్స్ తరం ఐరిష్‌వాళ్ళు తమ తిరుగుబాటును పాటల్లో దాచుకున్నారు. వాళ్ళ మనవళ్ళు యూనివర్సిటీని నమ్మి టేపుల్లో దాచుకున్నారు.

మనదగ్గర సమను కూడా అక్కరలేదు. సోదా చాలు. అమలాపురం ప్రాంతంలో పుట్టి ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన జి.ఎన్. సాయిబాబా ఇంట్లో 2013లో సోదా చేసి కంప్యూటరు సామగ్రి పట్టుకుపోయారు. 2017లో యావజ్జీవ శిక్ష. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెడుతూ, ఆ ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని స్వాధీనం చేసుకున్న తీరు రుజువు కాలేదన్నది. చదువుకున్నవాళ్ళు నిండిన యూనివర్సిటీ ఆవరణలో సోదాకు చదువురాని మనిషిని పంచుగా పెట్టడాన్ని తప్పుపట్టింది. అదే ఏడు అక్టోబరు 12న ఆయన హైదరాబాదులో చనిపోయాడు. భీమా కోరేగావ్ కేసులో ఒక ముద్దాయి కంప్యూటరులోకి బయటినుంచి ఫైళ్ళు చొప్పించారని ఒక అమెరికా పరిశోధక సంస్థ 2021లో రిపోర్టిచ్చింది. ఆ ఏడే అయిదుగురు విద్యావేత్తలు, మా యంత్రాలు పట్టుకుపోవడానికి నియమాలు విధించండని సుప్రీంకోర్టుకు పోయారు. కంప్యూటరు పట్టుకుపోతే అధ్యాపకుడికి ఇరవై ఏళ్ళ పరిశోధన పోతుంది. పట్టుకున్న క్షణంలో హాష్ రాసి ఇవ్వకపోతే, తరవాత అందులో ఏమి చేరినా అడిగే దిక్కుండదు.

కొందరు మిత్రులు ఈ రెండు సంగతులనూ కలిపేసి, రికార్డులు ఎవరికీ ఇవ్వకపోవడమే యూనివర్సిటీ స్వేచ్ఛ అంటున్నారు. నేను ఒప్పుకోను. జీతం అడిగే పంతులమ్మకు టైంటేబులు చూపించకపోవడానికీ, పోలీసుకు పరిశోధకుడి టేపు ఇవ్వకపోవడానికీ ఒకే పేరు పెట్టడం పాత కరణం తెలివి. ఒకటి బలహీనుడు బలవంతుణ్ణి అడగడం, రెండోది బలవంతుడు బలహీనుణ్ణి అడగడం. చట్టం రెండింటికీ ఒకే భాష వాడవచ్చు, మనం వాడనక్కరలేదు. ఇంకొక సంగతి కూడా ఉన్నది. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని కోర్టులో పెట్టకుండా దాచినవాడికి ఆ సాక్ష్యం వ్యతిరేకమనే అనుకోవచ్చునని 1872 చట్టమే చెప్పింది, కొత్త చట్టమూ చెబుతున్నది. కాబట్టి దాచడం ఎప్పుడూ లాభమేనని మన యాజమాన్యాలు అనుకోవడం కూడా పొరపాటే.

మొదటి అఫిడవిట్ పోయిన కొన్ని వారాలకు నా ఫోనులో పాత పద్యాల ఫొటో ఒకటి వెతుకుతూ విభాగం వాట్సాప్ గుంపులో వెనక్కు వెనక్కు పోయాను. ఆ ఏడు, ఆ నెలలు. నేనే రాసిన వాక్యం కనిపించింది: రేపు నాకు డ్యూటీ ఉంది, నా క్లాసు మేడం తీసుకుంటారు. కింద ఆవిడ జవాబు, సరే సార్ అని. ఇట్లాంటివి ఆ కాలంలో పదకొండు. ఆవిడ అప్పుడు మా దగ్గర పని చేయనే లేదన్న కాగితం మీద నా సంతకం ఉన్నది.

ప్రిన్సిపాలుకు చెప్పాను. అది మీ సొంత ఫోను, కాలేజీ రికార్డు కాదు, వదిలేయండి అన్నాడు. ఇంట్లోనూ అదే అన్నారు. నేను పర్మనెంటు అయి ఇంకా మూడేళ్ళు కాలేదు. ఆ రాత్రి పదకొండో ఆర్డరు మళ్ళీ చదివాను. అడిగేది ఎవరి సొంతమని కాదు, ఎవరి చేతిలో ఉన్నదని.

రెండో అఫిడవిట్ నా పేరున వేశాను. మొదటిదానిలో రాసింది తప్పని కూడా అందులోనే రాశాను. ఫోనును నిపుణుడి దగ్గరికి తీసుకుపోతే గుంపు సందేశాలను బయటికి తీసి హాష్ లెక్క కట్టాడు. అరవైనాలుగు అక్షరాలు, అంకెలు కలిసిన వరస. సర్టిఫికెట్‌లో దాన్ని చేత్తో ఎక్కించవలసి వచ్చింది. రెండుసార్లు తప్పు రాసి, కొట్టివేయకుండా కొత్త కాగితం తీసుకుని, మూడోసారి ఒక్కొక్క అక్షరం పైకి చదువుకుంటూ రాశాను. ఆవిడ వకీలు దాన్ని దాఖలు చేసుకున్నాడు. యాజమాన్యం వకీలు అభ్యంతరం చెప్పాడు. వాయిదా వచ్చే నెల పదిహేడుకు పడింది. నాకు సాక్షి సమను వచ్చింది, మెమో కూడా వచ్చింది.